రాతి మీది గడ్డి పరక

చౌడయ్య తాతకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్న చోట జవాబు చెప్పేవాడు కాదు. లేచి, భుజాన కంబళి వేసుకుని, నడక మొదలుపెట్టేవాడు. అడిగినవాడు వెంట నడవాలి. తిరిగి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి కాళ్ళ నొప్పులు దొరికేవి. తాత ఉండేది బోడిగుట్ట మీద ఒక గవిలో, రాళ్ళ మధ్య గుహలో. గుట్ట కింద పాళెగాళ్ళ కోట. ఆ కాలంలో నాలుగూళ్ళకొక పాళెగాడు, ప్రతి పాళెగాడికీ ఒక కోట, ప్రతి కోటకూ పక్క కోటతో ఒక పగ. ఆ పగలకు మొదలెక్కడో ఎవరికీ సరిగా తెలిసేది కాదుట. కోడిపుంజు దగ్గర అని ఒకరంటే, కాదు పొలం గట్టు దగ్గర అని ఇంకొకరు. చచ్చిపోవడం మాత్రం మనుషులు నిజంగానే చచ్చిపోయేవాళ్ళు.

తాత దగ్గర సుంకన్న అని ఒక శిష్యుడు. గుట్ట ఎక్కకముందు కోటలో ఈటె పట్టినవాడు. తొమ్మిదేళ్ళుగా గవి ఊడుస్తూ, కింది నుంచి నీళ్ళు మోసుకొస్తూ ఉన్నాడు. నిద్రలో పళ్ళు కొరుకుతాడని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఎందుకు కొరుకుతాడో తాతకొక్కడికే చెప్పుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఈ కోటవాళ్ళు పక్క పాళేనికి చెందిన సుద్దపల్లె మీద పడ్డారు. సుద్దపల్లె సున్నం కాల్చుకునేవాళ్ళ ఊరు. అక్కడ బట్టీలే గానీ కత్తులు లేవు. దండు వస్తోందని తెలిసి మగవాళ్ళంతా ఊరి బయటికి వచ్చి, తలా ఒక గడ్డి పరక పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డారు. ఆ వైపు కట్టుబాటు అది. గడ్డి కరిచినవాడు గోవుతో సమానం, వాడి మీద కత్తి ఎత్తకూడదు. తాతలనాటి పగైనా సరే ఆ గడ్డి పరక దగ్గర ఆగవలసిందే. ఆ రోజు ఆగలేదు. దండును నడిపే దళవాయి గంగులప్ప సైగ చేసి ముందు నడిచాడు, ఈటెలవాళ్ళు వెనక నడిచారు. ఆ వరసలో సుంకన్న కూడా ఉన్నాడు.

కోటకు వచ్చాక మాత్రం అది పెద్ద కయ్యమనీ, పగవాళ్ళు కత్తులు దూసి మీద పడ్డారనీ చెప్పుకున్నారు. పాళెగాణ్ణి అందరూ నాయనివారు అని పిలిచేవాళ్ళు. ఆ నాయనివారు నిండు సభలో వంగి, తన చేతులతో గంగులప్ప ఎడమ కాలికి బంగారు గండపెండేరం తొడిగారు. గండరగండడని బిరుదిచ్చారు. కోట వాకిట నిలువెత్తు రాయి పాతించి, దాని మీద ఆ గెలుపంతా చెక్కించారు. కొత్తగా పెళ్ళయిన జంటలు ఆ రాతికి దండం పెట్టుకుని పోయేవాళ్ళు, వీరుడు కడుపున పుట్టాలని.

మరి పన్నెండేళ్ళు గడిచాక ఏమైందంటే, నాయనివారి కూతురికి ఆ పక్క పాళెంలోనే సంబంధం కుదిరింది. రెండు కోటలకూ యుద్ధాలు చేసి చేసి విసుగొచ్చింది. అవతలి పెద్దలు ఒక్క మాట పట్టుకున్నారు. “మా మనుషుల్ని నరికినవాడి కాలికి మీ పెండేరం ఉండగా మేము మీ గడప తొక్కం” అన్నారు. మూడు రోజుల్లో నాయనివారికి నిజం తెలిసింది. పన్నెండేళ్ళు తెలియనిది మూడు రోజుల్లో ఎలా తెలిసిందో, పెద్దవాళ్ళ సంగతి, మనకేం తెలుస్తుంది. గంగులప్ప మహాపరాధం చేసి దాచిపెట్టాడనీ, పెండేరమూ బిరుదూ వెనక్కి తీసుకుంటున్నామనీ, రాతి మీది మర్యాదలు కూడా గీకించేస్తామనీ దండోరా వేయించారు.

నీళ్ళకు దిగిన సుంకన్న ఆ దండోరా విని, కుండ అక్కడే వదిలేసి, గుట్ట ఎగబాకి వచ్చాడు. రొప్పుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, అయినా ముఖం మాత్రం పండగనాటి ముఖంలా ఉంది.

“తాతా! గంగులప్ప కాలి పెండేరం ఊడదీస్తున్నారంట. సుద్దపల్లెలో జరిగింది తప్పేనని నాయనివారే ఒప్పుకున్నారంట. ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు కదా, ఇంక ఆ పాపం తీరినట్టేనా?”

తాత లేచి కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు.

గుట్ట దిగుతున్నంతసేపూ సుంకన్న నోరు మూతపడలేదు. “ముందు నడిచినవాడిదే కదా తాతా పాపం? వెనక నడిచినవాళ్ళం మేమెంత? కూటికి పోయినవాళ్ళం. ఇన్నేళ్ళూ ఆ రాతిని చూడలేక నేను వాకిట వైపే పోలేదు. ఇవాళ పోతాను. ఇవాళ తలెత్తుకుని పోతాను.”

“రాళ్ళు జారుతున్నాయి, చూసి నడువు” అన్నాడు తాత. అంతే అన్నాడు.

కోట వాకిట జాతరకు వచ్చినట్టు వచ్చారు జనం. పెళ్ళి కోసమని ఒక పక్క గోడలకు వెల్ల వేస్తున్నారు. పచ్చి సున్నం వాసన. గంగులప్పను రాతి ముందు నిలబెట్టారు. అరవై దాటిన మనిషి. పెండేరం అప్పటికే ఊడదీశారు. పన్నెండేళ్ళు అది కప్పి ఉంచిన మేర చర్మం తెల్లగా, పసిపిల్ల ఒళ్ళులాగ మెత్తగా ఉందిట. నరికిన చేతులు ఆయనవి, మరి ఆ కాస్త చర్మం ఏ పాపమూ తెలియనట్టు ఉండడమేమిటో. నిన్నటిదాకా దళవాయప్పగారూ అని వంగిన నోళ్ళే ఇవాళ ఏకవచనంలోకి దిగాయి.

“ఏం గంగులూ, కాలు తేలికైందా?”

“ఇంక దొంగతనానికి పోవచ్చులేరా, చప్పుడు రాదు.”

నవ్వులు. ఒకడు ఆయన పాదాల మీద తమలపాకు ఊశాడు. వాడి కొడుక్కి పేరు గంగులప్ప అనే పెట్టుకున్నాడు, నాలుగేళ్ళ కిందట.

రాయి చెక్కినవాడు సింగోజు. ఇప్పుడు గీకమన్నదీ అతణ్ణే. ఉలీ సుత్తీ పట్టుకుని, చిన్న నిచ్చెన వేసుకుని నిలబడ్డాడు. రాతి మీద అన్నింటికన్నా పైన అక్షరాలు, ‘సుద్దపల్లె కయ్యమున పగవారిని గెలిచిన గండరగండడు’ అని. అక్షరాల కింద గొడుగు. గొడుగు కింద కత్తి ఎత్తిన గంగులప్ప, ఎడమ కాలికి పెండేరం. ఆయన పాదాల దగ్గర ముగ్గురు పగవాళ్ళు. చోటు చాలక వాళ్ళను గుండెల దాకానే చెక్కాడు. నాయనివారి ఉత్తరాలు రాసే రాయసం వెంగప్ప పంతులు ఆజ్ఞ చదివాడు.

“బిరుదు అక్షరాలు తియ్యి. గొడుగు తియ్యి. కాలి పెండేరం తియ్యి. మనిషిని ఉండనీ. మనిషి మీద మాకేమీ పగ లేదు.”

సింగోజు ఒక్కొక్కటే గీకాడు. నెల రోజులు చెక్కిన పని ఒక పూట పట్టలేదు. నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, అడిగాడు.

“మీరు చెప్పినవి అయిపోయినాయి అయ్యగారూ. మరి ఆ గడ్డి?”

“ఏం గడ్డి? రాతి మీద గడ్డేమిటి సింగోజూ, ఎండదెబ్బ తగిలిందా?” అన్నాడు పంతులు. జనం నవ్వారు.

“ఈ ముగ్గురి నోళ్ళలో ఉండేది.”

“అవి మీసాలు కదయ్యా!”

“మీసం ముక్కు కింద ఉంటుంది అయ్యగారూ. ఇది పళ్ళ మధ్య ఉంది.”

నవ్వులు ఆగిపోయాయి. ముందున్నవాళ్ళు వంగి చూశారు. చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెనక్కి జరిగారు. పన్నెండేళ్ళు ఆ రాతి ముందు నుంచి నడిచారు, దాని నీడన కూర్చుని వక్కలు కొరికారు, పసుపు రాశారు, మీసాలనుకున్నారు. అక్షరాలు వచ్చినవాళ్ళు పై వరస చదువుకుని గెలుపు అనుకున్నారు, బొమ్మ చూడలేదు. అక్షరాలు రానివాళ్ళకు చదివినవాళ్ళు చెప్పారు, కాబట్టి వాళ్ళూ చూడలేదు. కళ్ళు ఉండి కూడా ఎంత అవస్థో చూడండి.

“ఇలా చెక్కమని నీకెవడు చెప్పాడు?” పంతులు గొంతు తగ్గించాడు.

“నాయనివారే. చూసింది చూసినట్టు చెక్కు అన్నారు. ఫిరంగి తోపులకు రాతిగుండ్లు చెక్కేదానికి నన్ను కూడా తీసకపోయినారు కదా ఆ పొద్దు. చూసినాను, చెక్కినాను.”

పంతులుకు చెమట పట్టింది. తప్పంతా గంగులప్పదే, మాకేమీ తెలియదు అని కదా అవతలివాళ్ళకు ఉత్తరం రాసింది. రేపు ఉదయం వాళ్ళు ఈ వాకిలి గుండానే లోపలికి వస్తారు. ఏమీ తెలియనివాళ్ళ వాకిట్లో తెలిసినట్టు ఇంత రాయి ఉంటే ఏం చెప్పాలి? కాసేపు గోళ్ళు కొరుక్కుని, ఒక ఉపాయం ఆలోచించాడు. ఉపాయం చిన్నదే.

“ఆ గడ్డి కూడా తీసెయ్యి. మనుషుల్ని ఉండనీ.”

అప్పుడు వెల్ల వేసే వైపు నుంచి ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతులు మోచేతుల దాకా సున్నం. పేరు మారెక్క. పగ ఉన్నా కోటకు సున్నం కావాలి కదా, వారం వారం సుద్దపల్లె నుంచి సున్నం గంప ఎత్తుకుని వచ్చే మనిషి. వచ్చినప్పుడల్లా రాతి దగ్గర గంప దించి కాసేపు కూర్చునేది. అలసట తీర్చుకుంటోంది అనుకునేవాళ్ళు.

“తీయొద్దు సామీ” అంది. “ఆ మద్దెన ఉండేది మా యింటాయప్ప, నన్ను కట్టుకున్నోడు. చెవి చూడండి, తెగి ఉండాది. ఎద్దు పొడిస్తే తెగింది. సింగోజన్న మా బట్టీకి సున్నానికి వస్తాండె, ఆయప్పను ఎరుగును, అట్లే చెక్కినాడు. నాకు ఆయప్ప మొగం ఈడ తప్ప యాడా లేదు.”

“మొగం ఉంచుతామమ్మా. తీసేది గడ్డే కదా?” అన్నాడు పంతులు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

“గడ్డి తీసేస్తే ఆయప్ప పగోడు అయిపోతాడు సామీ! కయ్యానికి వచ్చి సచ్చినట్టు అవుతాది. సున్నం కాల్చేటోడు ఆయప్ప, ఇంట్లో కోడిని కోయాలన్నా నన్నే కోయమనేటోడు. మీ బంగారం మీరు ఇచ్చుకుంటారో పీక్కుంటారో పీక్కోండి, నాకెందుకు? ఆయప్ప నోట్లో గడ్డి మాత్రం పీకొద్దు.”

జనంలో ఎవరో అయ్యో అన్నారు. పంతులు చెడ్డవాడేమీ కాదు, ఇంటికి పోయి ముద్ద నోట్లో పెట్టుకోవాలి కదా ఆయన కూడా. అందుకని న్యాయం మాట్లాడాడు.

“చూడమ్మా, నువ్వు వాళ్ళ మనిషివి, నీ మాట చెల్లదు. ఈ సింగోజు చెక్కినవాడు, తన పనిని తానే తప్పనడు, కాబట్టి వాడి మాటా చెల్లదు. వాళ్ళు నిజంగా గడ్డి కరిచారని ఈ కోట మనిషి, కళ్ళారా చూసినవాడు, ఒక్కడు చెప్పనీ. ఉంచుతాను. నాయనివారితో నేనే మాట్లాడతాను.”

“నేను చూశాను” అన్నాడు గంగులప్ప.

పొద్దుట్నించీ ఆయన మాట్లాడిన మొదటి మాట అది. అందరూ తిరిగి చూశారు.

“చూశాను. కరిచారు. ముగ్గురు కాదు, ముప్ఫై ఒక్కరు. నేనే నరికించాను. నాయనివారు గుర్రం మీద పక్కనే ఉన్నారు. గుర్రం బెదురుతుంటే కళ్ళెం పట్టుకుని ఆపుకున్నారు కూడా.”

పంతులు ముఖం మాడిపోయింది. ఆజ్ఞ రాసిన తాటాకును పైకెత్తి పట్టుకున్నాడు.

“బిరుదు పోయినవాడి మాట సాక్ష్యానికి పనికిరాదు గంగులూ. నిన్న చెప్పి ఉంటే వినేవాళ్ళం.”

“నిన్న ఎవరు అడిగారు పంతులూ?” అన్నాడు గంగులప్ప.

పంతులు జనం వైపు తిరిగి, ఇంకెవరైనా ఉన్నారా అని మూడుసార్లు అడిగాడు. ఆ రోజు ఈటెలు పట్టినవాళ్ళు నలభైమంది. కొందరు చచ్చిపోయారు, కొందరు అక్కడే ఉన్నారు. ఒకడు చెప్పు తీసి అందులోని ఇసక దులుపుకుంటున్నాడు. ఒకడికి దగ్గు వచ్చింది. మారెక్క ఒక్కొక్కరి ఎదుటికీ పోయి నిలబడింది. “చెప్పండప్పా. మీకు పుణ్యం ఉంటాది. చూసినోళ్ళు ఎవరో ఉంటారు కదా, ముప్పై మందిని గాలి నరకదు కదా.”

అలా వచ్చి సుంకన్న ఎదుట నిలబడింది. కావిగుడ్డ చూసి, చేతులు జోడించింది. “నువ్వు మఠం సామివి. నువ్వు చెప్పితే ఇంటారు. నీకేమన్నా తెలిసింటే చెప్పు సామీ.”

గంగులప్ప దూరం నుంచి సుంకన్నను గుర్తుపట్టాడు. కాసేపు అలా చూసి, కళ్ళు తిప్పుకున్నాడు. పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మాట చెల్లదనుకున్నాడో, ఇంకేమనుకున్నాడో, ఆ మనసులో ఏముందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సుంకన్న నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుంది? గుట్ట మీద తనకు దండం పెట్టేవాళ్ళు పెట్టరు. కోటవాళ్ళు ఊరుకోరు. అతను తాత వైపు చూశాడు. తాత గోడకు వెల్ల వేసేవాళ్ళను చూస్తున్నాడు. సుంకన్న మళ్ళీ చూశాడు. తాత తల తిప్పలేదు.

మారెక్క కాసేపు ఆగి, ఇంకొకరి దగ్గరికి పోయింది. ఇంకొకరంటూ పెద్దగా ఎవరూ మిగల్లేదు.

“ఇంక కానియ్యి” అన్నాడు పంతులు.

సింగోజు ఉలి పెట్టాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, పనివాడు కదా. మూడు నోళ్ళ దగ్గర మూడు దెబ్బలు, తరవాత కాస్త నునుపు పట్టడం. అయ్యాక చూస్తే, ఏ కయ్యంలోనైనా ఓడిపోయిన ఏ పగవాళ్ళలాగానో ఉన్నారు ఆ ముగ్గురు. వాళ్ళ మీద కత్తి ఎత్తి, గొడుగు లేని, పేరు లేని మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆ రాయి చూసినవాళ్ళు ఇదేదో పాతకాలపు యుద్ధం అనుకుని పోతారు. జనం కూడా పోవడం మొదలుపెట్టారు. గంగులప్పను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

మారెక్క ఆ నునుపు మీద ఒకసారి వేలితో తడిమి చూసుకుంది. అంతలో గోడ దగ్గర నుంచి మేస్త్రీ కేక పెట్టాడు. “మారెక్కా! పడమటి గోడకు సున్నం చాల్లేదు. ఇంకో గంప ఉందా లేదా? పొద్దున్నకల్లా తెల్లగా కనపడాల!”

“ఉండాది, తెస్తాండా” అంది ఆమె. తెచ్చింది కూడా.

తాతా సుంకన్నా గుట్ట ఎక్కుతున్నారు. దిగేటప్పుడు ఉన్న మాటలు ఎక్కేటప్పుడు లేవు. సగం దారిలో సుంకన్న ఒక బండ మీద కూలబడ్డాడు. కింద కోట పడమటి గోడ ఎండకు తెల్లగా మెరుస్తోంది. అతను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, కాస్త కోపంగానే అన్నాడు.

“నోటిదాకా వచ్చింది తాతా. మీ వైపు చూశాను. రెండుసార్లు చూశాను. మీరు ఒక్క కనుసైగ చేసి ఉంటే చెప్పేసేవాణ్ణి.”

తాత వెనక్కి తిరిగి అతణ్ణి చూశాడు. జాలిగానే చూశాడు.

“ఎవరో సైగ చేస్తేనే చేసేవాడివైతే నీకు నేనెందుకు నాయనా? గంగులప్ప చాలడూ?”